చేర్పించి వెళ్లినవాళ్ల గురించి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వృద్ధాశ్రమాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈ రెండు జిల్లాల్లో మంచం పట్టిన పెద్దవాళ్లకీ, మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లకీ సేవ చేసే నర్సులం, ఫిజియోథెరపిస్టులం, ఆయాలం కలిసి రాస్తున్న లేఖ ఇది. మీ దగ్గరున్న పెద్దవాళ్లని మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. వాళ్లని చేర్పించి వెళ్లినవాళ్లని చూసే తీరిక మాత్రం ఆశ్రమాల్లో ఎవరికీ ఉండడం లేదు. దానివల్ల నష్టం చివరికి మంచం మీదున్న మనిషికే జరుగుతోంది.

మన వైపు కుటుంబాలు ఆశ్రమం గడప తొక్కేసరికే చాలా ఆలస్యమై ఉంటుంది. కొడుకులు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, గుజరాత్ రేవుల్లో చేపల వేటలోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంటి దగ్గర మిగిలింది డెబ్బై ఏళ్ల భార్య, లేదా పక్క ఊరికి ఇచ్చిన కూతురు. రాత్రుళ్లు నిద్ర లేక, మనిషిని ఎత్తలేక నడుము పట్టేసి, బాత్రూంలో ఒకసారి పడిపోయాకో, అర్ధరాత్రి గుమ్మం దాటి రోడ్డెక్కేశాకో ఇక తమవల్ల కాదని తెలుసుకుని వస్తారు. వచ్చేటప్పటికే ఊళ్లో మాట పడి ఉంటారు: ‘కన్నోళ్లని ఆశ్రమంలో పడేశారు’ అని. ఆ సిగ్గుతో ఉన్న మనిషి రెండే రకాలుగా కనిపిస్తాడు. ఒకరు మొహం చూపించలేక రావడం తగ్గిస్తారు. ఇంకొకరు వచ్చిన ప్రతిసారీ దుప్పటి మాసిందని, అన్నం చల్లారిందని తప్పులు పడతారు. మొదటివాళ్లని ‘పట్టించుకోరు’ అంటున్నాం, రెండోవాళ్లని ‘గొడవ మనుషులు’ అంటున్నాం. ఇద్దరినీ నడిపిస్తున్నది ఒకే బాధ. దాన్ని పట్టించుకోవడం కూడా మందులివ్వడం, పక్క మార్చడం (మంచం మీది మనిషిని ఒక పక్కనించి ఇంకో పక్కకి తిప్పడం) లాంటి పనేనని, దానికీ ఒక పద్ధతి ఉందని మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇంకో సంగతి ఎవరూ పైకి అనరు. చేర్పించిన రాత్రి ఇంట్లోవాళ్లకి చాన్నాళ్ల తరవాత కంటినిండా నిద్ర పడుతుంది. పొద్దున లేచాక, హాయిగా పడుకున్నందుకే గుండె పిండేస్తుంది. ఈ రెండూ ఒకేసారి కలగడం సహజమని చెప్పేవాళ్లు లేకపోతే, తమలోనే ఏదో పాపం ఉందనుకుంటారు. చేర్చుకునే రోజున ఆ మాట చెప్పండి. ‘ఇన్నాళ్లూ మీరు చూసుకున్నారు, ఇకనించి మనందరం కలిసి చూసుకుందాం’ అనండి. ఫారం మీద సంతకం పెట్టించుకునే ముందు అనాల్సిన మాట అది.

చేర్చుకోవడం పొద్దున పదకొండు లోపు జరగాలి. సాయంత్రం వద్దు, డ్యూటీ మారే వేళ అసలే వద్దు. చీకటి పడే వేళ కొత్త చోట దిగబెడితే మతిమరుపు ఉన్నవాళ్లకి ఆ రాత్రి నిద్ర ఉండదు; ఆ గోల ఫోన్‌లో విన్న కూతురికీ ఉండదు. ఆధార్, మందుల చీటీ, పాత రిపోర్టులు ఎలాగూ తీసుకుంటారు. వాటితోపాటు ఒక పేజీ కాగితం మీద ఇంట్లోవాళ్లని అడిగి ఇవి రాయండి. ఆవిడని ఇంట్లో ఏమని పిలుస్తారు? ఎన్నింటికి లేస్తారు? లేవగానే టీయా, చోడి (రాగి) అంబలా? ఏ చెవి వినిపిస్తుంది? ఇంట్లో మంచం ఏ పక్కనించి దిగేవారు? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రాత్రి నిద్రమత్తులో మనిషి అలవాటైన పక్కకే దిగుతాడు. ఆ పక్కన గోడ తగిలితే తడబడి పడతాడు. కుదిరినంతవరకు మంచం అలాగే వేయండి. ఏ మాట ఎత్తితే ఏడుస్తారు, పోయినవాళ్లలో ఎవరిని ఇంకా బతికే ఉన్నారనుకుంటున్నారు అన్నవీ రాయండి. అరగంట పడుతుంది. ఆ అరగంటలో, అన్నీ వదిలేసి వెళ్తున్నాననుకుంటున్న మనిషికి, తనకి తెలిసింది ఇక్కడ అవసరమేనని అర్థమవుతుంది.

ఇంటినించి వాళ్ల దుప్పటి, స్టీలు గ్లాసు, ఒకట్రెండు ఫొటోలు తెచ్చుకోనివ్వండి. ఫొటో వెనక ఎవరెవరో పేర్లు రాయించండి, ఆయాలు చూసి మాట్లాడడానికి పనికొస్తుంది. కళ్లజోడు, పళ్లసెట్టు డబ్బా, చెవి మిషను మీద పేరు ఉండాలి. బంగారం ఉంటే రెండు కాపీల రసీదు రాసి ఒకటి వాళ్లకివ్వండి. తరవాత వచ్చే అనుమానాల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి.

ఇక మొదటి నెల. ‘ఒక నెల రాకండి, అలవాటు పడనివ్వండి’ అని చాలాచోట్ల చెబుతున్నారు. దయచేసి ఆ మాట మానండి. పిల్లలు వచ్చి వెళ్లాక పెద్దవాళ్లు ఏడుస్తున్నారు కాబట్టి రాకపోతే ఏడవరని దాని వెనక ఉన్న లెక్క. నిజానికి రాకపోతే, తనని వదిలేశారన్న నమ్మకం పెద్దాయనలో గట్టిపడుతుంది. పిల్లలకి రాకపోవడమే అలవాటైపోతుంది. దగ్గరివాళ్లయితే మొదటి రెండు వారాల్లో వారానికి రెండు మూడుసార్లు అరగంట చొప్పున రమ్మనండి. దూరంలో ఉన్నవాళ్లకి వారంలో రెండు రోజులు ఒకే వేళకి ఫోన్ పెట్టండి. ఫోన్ పెద్దావిడ చేతికిచ్చి వెళ్లిపోకండి. వినిపించే చెవి దగ్గర పట్టుకుని, పక్కన ఉండి, అర్థం కానిది అందివ్వండి.

మొదటి నాలుగు నించి ఎనిమిది వారాలు తిండి తగ్గడం, నిద్ర చెదరడం, అలగడం, ‘నానిక్కడుండను’ అనడం మామూలేనని ముందే చెప్పండి. ముందు చెబితే సమాచారం, తరవాత చెబితే సాకు. అలాగే మామూలు కానిది ఏదో కూడా చెప్పండి. ఒకట్రెండు రోజుల్లోనే మనిషి గందరగోళంలో పడడం, పగలంతా మగతగా ఉండడం, లేనివి కనిపించడం అలవాటు పడకపోవడం వల్ల వచ్చేవి కావు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం, రక్తంలో సోడియం పడిపోవడం, కొత్తగా వేసిన మాత్ర, చాలాసార్లు ఇలాంటిదేదో కారణం ఉంటుంది. ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ‘బెంగ పెట్టుకున్నారు’ అని వదిలేసిన కేసులే తరవాత కుటుంబాలు క్షమించలేనివి అవుతున్నాయి.

చూడ్డానికి వచ్చే వేళల గురించి. చాలా ఆశ్రమాల్లో సాయంత్రం నాలుగు నించి ఆరు. దూరాన ఉన్న ఇచ్ఛాపురం నించో భామిని నించో వచ్చినవాళ్లు తిరిగి బస్సు అందుకోవాలంటే ఆ వేళ కుదరదు. పైగా మతిమరుపు ఉన్నవాళ్లకి పొద్దు వాలే వేళే అలజడి ఎక్కువ. పిల్లలు వచ్చేదీ వెళ్లేదీ సరిగ్గా ఆ వేళలోనే అయితే, ప్రతిసారీ ఏడుపుతోనే ముగుస్తుంది. పొద్దున పది నించి పన్నెండు వరకు తెరిచి ఉంచండి. ఆఫీసు బల్ల పక్కన బెంచీ మీద కూర్చోబెడితే ఎవరూ మనసు విప్పి మాట్లాడుకోరు. చెట్టు కిందైనా సరే, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయండి.

వచ్చినవాళ్లకి ఎలా మాట్లాడాలో తెలీదు. ఎవరో ఒకరు నేర్పాలి. ఎదురుగా వచ్చి, కూర్చుని, కళ్లెదుట మొహం పెట్టి ‘అమ్మా, నేను మీ చిన్నోడిని’ అని తామే చెప్పాలి. ‘నన్ను గుర్తుపట్టావా?’ అని పరీక్ష పెట్టకూడదు. గుర్తుపట్టకపోతే ఇద్దరికీ దెబ్బే. మాటలు లేకపోతే చేతికి పని కల్పించాలి. తలకి నూనె రాసి దువ్వడం, గోళ్లు తియ్యడం, నాన్నకి గడ్డం గియ్యడం, చీరలు మడతపెట్టడం లాంటివి. షుగరు ఉన్నవాళ్ల కాలిగోళ్లు మాత్రం నర్సుకి వదిలేయమనండి.

‘ఇంటికి తీసుకెలిపోరా బావూ’ అనే మాటకి పిల్లల దగ్గర జవాబు ఉండదు. రేపు తీసుకెళ్తానని అబద్ధం చెబుతారు, లేదా ఇదే నీ ఇల్లని వాదిస్తారు. మతిమరుపు జబ్బులో ఆ ‘ఇల్లు’ చాలాసార్లు ఇప్పటి ఇల్లు కాదు. పెళ్లికి ముందు పెరిగిన ఊరు కావచ్చు, అమ్మానాన్నలున్న ఇల్లు కావచ్చు. ‘ఇంటి మీద బెంగగా ఉందా అమ్మా? మన పెరట్లో ఏమేం ఉండేవో చెప్పు’ అని అడిగితే కాసేపటికి మాట దారి మళ్లుతుంది. జ్ఞాపకం బాగా ఉన్న మనిషి అదే అడిగితే మాత్రం నిజం చెప్పాలి: ఇంట్లో ఎందుకు కుదరడం లేదో, మళ్లీ ఏ రోజున వస్తారో. పిల్లలు వెళ్లేటప్పుడు పెద్దవాళ్లని గేటు దాకా తీసుకొచ్చి వదలకండి. భోజనం గంటకి పది నిమిషాల ముందు ఆయా వచ్చి చెయ్యి పట్టుకుని భోజనాల వైపు నడిపిస్తే, పిల్లలు అక్కడ సెలవు తీసుకోవచ్చు.

తెచ్చిన తిండి దగ్గరే మనస్పర్థలు ఎక్కువ. తిండి తప్ప ఇంకేం చెయ్యలేని పిల్లలు తిండే తెస్తారు. దాన్ని వాచ్‌మన్ ‘ఇవి లోపలికి పోనివ్వం’ అని లాక్కుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. కారణం చెప్పండి, బదులు ఏం తేవచ్చో చెప్పండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కుటుంబాలతో ఇది మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి వైపునించి వచ్చేవాళ్లు తమ తోటలో కొబ్బరి బొండాలు ప్రేమగా మోసుకొస్తారు. కిడ్నీ చెడినవాళ్లకి ఆ నీళ్లలో ఉన్న పొటాషియం బయటికి పోదు, రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. అరటిపండు సంగతీ అంతే. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి రోజుకి ఇన్ని నీళ్లని డాక్టరు రాసిచ్చిన కొలత ఉంటుంది. మజ్జిగ, టీ, జావ కూడా అందులోకే వస్తాయి. ఆ కొలత గ్లాసు చూపించి చెప్పండి. సగం ఆపిల్, ఉప్పు తగ్గించి ఇంట్లో వండిన కూర కొంచెం తేవచ్చని చెప్పండి. ఒంటి నొప్పులకని డైక్లోఫినాక్ లాంటి బిళ్లలు చాటుగా ఇవ్వొద్దని, ఫిస్టులా వేసిన (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన) చెయ్యి పట్టి లేపొద్దని అప్పుడే చెప్పండి.

మింగడం కష్టమైనవాళ్లకి మందస కోవా నోట్లో పెడితే అంగిట్లో అతుక్కుపోతుంది. జీడిపప్పు గొంతుకి అడ్డం పడుతుంది. కొడుకు చేత్తోనే తినిపించాలనుకుంటే వద్దనకండి, ఎలాగో చూపించండి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, టీ చెంచాతో, మింగారని చూసుకుని తరవాతి చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తల వెనక్కి వంచి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా వస్తుంది. నెలనెలా బరువు తూచి కుటుంబానికి చెప్పండి. నెలలో 5 శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకి చూపించాల్సిందే. బరువు చిక్కినట్టు పిల్లలే ముందు కనిపెట్టి అడిగారంటే, అప్పటికే మీ మీద నమ్మకం పోయినట్టు.

మన తీరం వైపు పెద్దమ్మల విషయంలో ఇంకోటుంది, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు యాభై అరవై ఏళ్లనించి ఉన్నవాళ్లు మీ దగ్గర ఉంటారు. మంచం మీద చుట్ట, అందులోనూ ఆక్సిజన్ పెట్టిన గదిలో చుట్ట ప్రాణాపాయం, కాబట్టి మాన్పిస్తారు. సరే. కానీ ఒక్కసారిగా ఆపితే రెండు మూడు వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం ఉంటాయి. ‘మా అమ్మని ఏదో చేస్తున్నారు, ఇంతకుముందు ఇలా లేదు’ అని కూతురు అనుకుంటుంది. చేర్చుకునే రోజే అలవాటు సంగతి అడిగి, ఏం జరగబోతోందో చెప్పండి. టార్చి వేసి అంగిలి చూడండి. తెల్ల మచ్చ, మానని పుండు రెండు వారాలు దాటితే పళ్ల డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ అలవాటు అంగిలి క్యాన్సర్‌కి దారి తీస్తుంది.

చెడ్డ కబురు ఎలా చెప్పాలో ఎవరికీ నేర్పడం లేదు. పెద్దాయన పడిపోతే, గంటలోపు ఫోన్ వెళ్లాలి. వచ్చినప్పుడు కమిలిన మొహం చూసి తెలుసుకోకూడదు. ఫోన్‌లో ఇవన్నీ ఉండాలి: ఎన్నింటికి, ఎక్కడ, ఏం చేస్తుండగా, స్పృహ తప్పారా, తలకి తగిలిందా, లేచి నిలబడగలిగారా, ఇప్పటిదాకా ఏం చేశాం, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తాం. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే. లేపకుండా అంబులెన్సు పిలవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి తల తగిలితే, బాగానే కనిపించినా హాస్పిటల్లో చూపించాలి. ‘చిన్న దెబ్బే, కంగారేం లేదు’ అని మొదలుపెట్టి, రెండు రోజులయ్యాక పెద్ద కబురు చెబితే ఆ కుటుంబం మిమ్మల్ని ఇక ఏ విషయంలోనూ నమ్మదు.

పడక పుండు మీద కోపం మరీ తీవ్రంగా ఉంటుంది, న్యాయంగానే ఉంటుంది. చాలావరకు ఆపగలిగినది అది. రెండు గంటలకోసారి పక్క మార్చి, మార్చిన వేళ మంచానికి కట్టిన కాగితం మీద రాయాలి. ఆ కాగితం కుటుంబానికి కనపడనివ్వండి. మనవాళ్ల చామనఛాయ ఒంటి మీద మొదటి ఎరుపు సరిగా తెలీదు. పిరుదుల మధ్య ఎముక మీద, మడమల మీద చర్మం ముదురుగా మారి, తాకితే వేడిగానో గట్టిగానో ఉంటుంది. అప్పుడే చెప్పండి. పిల్లలు మందుల షాపులో అడిగి గాలి ఊదే గుండ్రటి రింగు కొనుక్కొస్తారు. అది మధ్యలో రక్తం ఆడకుండా చేస్తుంది, వాడకూడదు. ఆ డబ్బుతో మడమల కింద పెట్టడానికి దిండ్లు తెమ్మనండి. గాలి పరుపు ఉన్నా పక్క మార్చడం తప్పదని కూడా చెప్పండి.

తల్లి తమని కాక ఆయాని ‘అమ్మా’ అని పిలిస్తే కూతుళ్లు ముడుచుకుపోతారు. ‘మీ అమ్మకి నా దగ్గరే బాగా అలవాటు’ అని ఆయా గర్వంగా అనకూడదు. ‘నిన్న మీ గురించే చెప్పింది’ అని, నిజంగా చెప్పినదే, చెప్పాలి. చెప్పడానికి గుర్తుండాలి కాబట్టి డ్యూటీ పుస్తకంలో ఒక్క లైను రాసుకోమనండి.

అన్నదమ్ముల మధ్య తగవులోకి మీరు దిగకండి. కానీ సమాచారం ఒక్కరికే చెప్పి తగవు పెంచకండి కూడా. డబ్బు కట్టే కొడుకుతో ఒక మాట, అరిచే కొడుకుతో ఇంకో మాట అనకుండా, వారానికోసారి నాలుగు లైన్లు రాసి వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి పంపండి: తిండి, నిద్ర, విరేచనం, మందుల్లో మార్పు, మనసు ఎలా ఉంది. ఎమర్జెన్సీలో నిర్ణయం ఎవరిదో పేరు ముందే రాయించుకోండి. ఖర్చు ఒక్కరి మీదే పడుతుంటే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉందని చెప్పండి. విచారణకి ముందు రాజీకి పంపే వీలు అందులోనే ఉంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పొద్దున ఎనిమిది నించి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. వృద్ధాప్య పింఛను ఒకటో తారీకున పాత ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోకుండా, చిరునామా మారిన సంగతి గ్రామ, వార్డు సచివాలయంలో రాయించమనండి. ఆ 4,000 రూపాయలు తన చేతికి రావడం పెద్దావిడకి డబ్బుకి మించిన ధైర్యం.

సంక్రాంతికి సిబ్బంది సెలవులు పెడతారు. కుటుంబాలు అప్పుడే వస్తాయి. హైదరాబాద్ రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, నేరుగా మీ దగ్గరికే వచ్చేవాళ్లుంటారు. ఏడాదికి ఒక్కసారి కలిసే ఆ పూట, మాట్లాడే మనిషి ఆశ్రమంలో లేకపోవడం తప్పు. భోగి ముందురోజు నించి ముక్కనుమ దాకా ఒక సీనియర్ నర్సునైనా ఉంచండి. ఇంటికి తీసుకెళ్తామంటే డిసెంబరులోనే మాట్లాడండి. మందులు రెండు రోజులవి అదనంగా, వేళలు పెద్దక్షరాలతో రాసి, డైపర్లు లెక్కవేసి ఇవ్వండి. ఇంట్లో కమోడ్ కుర్చీ ఉందా, రాత్రి బాత్రూం దాకా లైటు ఉందా అని అడగండి. తిరిగి దిగబెట్టే వేళ సాయంత్రం పెట్టకండి. మధ్యాహ్నం భోజనానికి ముందు రమ్మనండి. రెండోసారి వదిలి వెళ్లడం మొదటిసారి కంటే కష్టం. మర్నాడు పొద్దున మీరే ఫోన్ చేసి రాత్రి ఎలా గడిచిందో చెప్పండి.

ఇంటి దగ్గర ఒంటరిగా మిగిలిన భార్యనో భర్తనో చాలామంది మర్చిపోతారు. విధవరాలూ కాదు, మొగుడు ఇంట్లోనూ లేడు. ఓదార్చడానికి ఎవరూ రారు. ఆమె వచ్చిన రోజు వాళ్లిద్దరికీ ఒకే చోట భోజనం పెట్టండి, తలుపు వేసుకోనివ్వండి.

చివరి రోజుల గురించి ముందే అడగండి, మనిషి కాస్త బాగున్నప్పుడే. హాస్పిటల్‌కి తీసుకెళ్లాలా, ఇక్కడే నొప్పి లేకుండా చూడాలా? గల్ఫ్‌లో ఉన్న కొడుకు వచ్చేదాకా ఉంచాలా? ఎవరు తలకొరివి పెడతారు, ఏ ఊరు? ఇవి అడగడం అపశకునమని భయపడతాం గానీ, అడగకపోతే ఆ రాత్రి ఫోన్‌లో అన్నదమ్ములు కొట్టుకుంటారు. తిండి తగ్గి, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే రమ్మని చెప్పండి. ‘ఇంకా చూద్దాం’ అని ఆలస్యం చేస్తే కడసారి చూపు పోతుంది. నోరు తడపడం, చెయ్యి పట్టుకోవడం, చెవి దగ్గర మాట్లాడడం వాళ్లకి వదిలేయండి. మరణం నమోదు 21 రోజుల్లో జరగాలి. ఆశ్రమంలో జరిగితే తెలియజేయాల్సింది మీరే, ఆ పని కోసం వాళ్లని తిప్పకండి. బట్టలు, కళ్లజోడు, గ్లాసు ఉతికి కడిగి, మడిచి, సంచిలో సర్ది ఇవ్వండి. పాలిథీన్ కవర్లో కుక్కి గేటు దగ్గర ఇవ్వకండి. పెద్దకర్మ అయ్యాక ఒక ఫోన్ చెయ్యండి. అప్పుడు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు, మేం ఇంట్లో ఉంచుకుని ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవారా అని. కేసు షీటు ముందు పెట్టుకుని, జబ్బు ఎలా ముదిరిందో తెలిసినంతవరకు చెప్పండి.

రెండు జిల్లాల కలెక్టర్లకీ, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులకీ ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు మంచాలు, మరుగుదొడ్లు, వంటగది చూస్తున్నారు. పక్క మార్చిన కాగితం, పడిపోయిన రోజు కుటుంబానికి ఫోన్ చేసిన వేళ, కలుసుకునే వేళల బోర్డు కూడా చూడండి. ఆ బోర్డు మీద పొద్దుటి వేళ లేకపోతే అక్కడే మార్పించండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వయోవృద్ధుల సేవలో ఉన్న కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఆయాలు